నోరులేని రోగికి మందు: కుక్క చెవి వైద్యంలో ధర్మవిచారం

కుక్క చెవికి చీము పట్టినప్పుడు, దానికి తగిన మందును ప్రత్యేకంగా కలిపించి వేయడం పైకి వైద్యుడికీ ఫార్మసీకీ సంబంధించిన చిన్న విషయంలాగే కనిపిస్తుంది. లోతుకు వెళితే, ధర్మవిచారం చిరకాలంగా చర్చిస్తున్న నాలుగు ప్రశ్నలు అందులో ఉన్నాయి. నోరులేని జీవి బాధ మనిషిని బాధ్యుణ్ని చేస్తుందా? ఆ బాధ పూర్వకర్మ ఫలమే అయితే దాన్ని తొలగించబూనడం తగునా? ఒప్పుకోవడమో కాదనడమో తెలియని రోగికి, నొప్పి కలిగించే చికిత్స చేసే అధికారం ఎక్కడి నుంచి వస్తుంది? ఒక్క ప్రాణి కోసం, అంతకుముందు ఎవరూ పరీక్షించని మందును కలపడం దయ అవుతుందా, దుస్సాహసం అవుతుందా? వీటికి భారతీయ చింతన, ఆయుర్వేదం, పాశ్చాత్య నీతిశాస్త్రం ఇచ్చిన సమాధానాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక నిర్ణయానికి రావచ్చు. పెంపుడు జంతువుకు వైద్యం చేయించడం మనిషి తీర్చవలసిన ఋణం. ఆ ఋణం తీరడానికి మంచి మనసు ఒక్కటే చాలదు, సరైన జ్ఞానం కూడా కావాలి.

వ్యాధి స్వరూపం

మనిషి చెవి నాళం దాదాపు అడ్డంగా లోపలికి పోతుంది. కుక్క చెవి నాళం ముందు కిందికి దిగి, తర్వాత మలుపు తిరిగి కర్ణభేరిని చేరుతుంది. ఆ మలుపు వల్ల గాలి సరిగా ఆడదు, తడి తొందరగా ఆరదు, గులిమి బయటికి రావడం కష్టమవుతుంది. చెవులు వేలాడే కాకర్ స్పానియల్, బాసెట్ హౌండ్ వంటి జాతుల్లో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. నీళ్లలో ఈదే కుక్కలకు తడి వల్ల, కొన్నిటికి చెవిలో దూరిన గడ్డి గింజల వల్ల, పిల్లలకు ఎక్కువగా చెవి మైట్ల వల్ల వ్యాధి మొదలవుతుంది. చెవి వ్యాధి పదేపదే తిరగబెట్టే కుక్కల్లో చాలావాటికి అసలు కారణం ఎలర్జీ. తిండిలోనిదో గాలిలోనిదో ఏదో పదార్థం ఒంటికి పడక చర్మం వాచినప్పుడు చెవి లోపలి చర్మమూ వాస్తుంది. ఆ వాపులో మలసేజియా అనే ఈస్టు, స్టెఫైలోకాకస్ వంటి బాక్టీరియా విపరీతంగా పెరుగుతాయి. వ్యాధి ముదిరితే సూడోమోనాస్ చేరుతుంది. చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని మొండి బాక్టీరియా అది.

కుక్క తల విదిలిస్తుంది, కాలితో చెవి గోక్కుంటుంది, చెవిని నేలకేసి రాస్తుంది. చెవి నుంచి దుర్వాసన వస్తుంది. చేయి దగ్గరికి వస్తే పక్కకు తప్పుకుంటుంది, ఒక్కోసారి గుర్రుమంటుంది. విదిలింపు ఎక్కువైతే చెవి రెక్కలో రక్తనాళం చిట్లి, రక్తం గడ్డలా నిలుస్తుంది. నిర్లక్ష్యం చేస్తే కర్ణభేరి చిరగవచ్చు, వ్యాధి మధ్యచెవికి పాకవచ్చు, తల ఒక పక్కకు వాలిపోవచ్చు, వినికిడి పోవచ్చు. ఏళ్ల తరబడి సాగిన వాపుతో నాళం పూర్తిగా మూసుకుపోతే, చివరికి చెవి నాళాన్నే శస్త్రచికిత్సతో తీసివేయవలసి వస్తుంది. ప్రాణం మీదికి రాకపోవచ్చు గానీ, రోజూ రాత్రీ పగలూ నిద్ర పట్టనివ్వని బాధ ఇది. ఇందులో ఎక్కువ భాగం వేళకు చూపిస్తే తప్పేదే. అందుకే ఇది నీతి ప్రశ్న అవుతుంది.

బాధకు బాధ్యత ఎవరిది

17వ శతాబ్దంలో ఫ్రెంచి తత్త్వవేత్త దెకార్త్ జంతువుల చేష్టలను యంత్రాల కదలికలతో పోల్చి వివరించాడు. ఆయన అనుయాయుల్లో కొందరు, జంతువు అరుపు వెనక అనుభవించే మనసు లేదనే వరకు వెళ్లారు. జర్మన్ తత్త్వవేత్త కాంట్ అంత దూరం పోలేదు. జంతువు పట్ల క్రూరంగా ఉండేవాడు క్రమంగా మనుషుల పట్ల కూడా క్రూరుడవుతాడు కాబట్టి దయ చూపాలన్నాడు. అంటే ఆయన దృష్టిలో మనిషి కర్తవ్యం చివరికి మానవత్వం పట్లే. జంతువు దానికి సందర్భం మాత్రమే. ఇంగ్లండులో జెరెమీ బెంథామ్ 1789లో అచ్చయిన తన గ్రంథంలో ప్రశ్నను మరో చోటికి మళ్లించాడు. జంతువు తర్కించగలదా, మాట్లాడగలదా అన్నవి ఆయనకు అప్రధానం. బాధపడగలదా అన్నదే అసలు పరీక్ష. 1975లో పీటర్ సింగర్ ఈ వాదాన్నే ఆధునిక రూపంలో ముందుకు తెచ్చాడు. 1983లో టామ్ రీగన్ ఇంకొక మెట్టు ఎక్కి, తన జీవితం తనకు ముఖ్యమైన ప్రతి జంతువుకూ హక్కులు ఉన్నాయని వాదించాడు.

భారతీయ సంప్రదాయాల్లో జంతువుకు అనుభవం ఉందా లేదా అన్నది పెద్ద వివాదం కానే కాలేదు. జీవుడు ఏ శరీరంలోనైనా ఉండవచ్చునన్న నమ్మకం ఆ సందేహానికి చోటివ్వలేదు. పండితుడు బ్రాహ్మణుడిలో, ఆవులో, ఏనుగులో, కుక్కలో ఒకే తత్త్వాన్ని చూస్తాడని భగవద్గీత అయిదో అధ్యాయం చెబుతుంది. జైనులు జీవులను ఇంద్రియాల సంఖ్యను బట్టి వర్గీకరించారు. స్పర్శ, రుచి, వాసన, చూపు, వినికిడి అనే వరుసలో అయిదోది, పైమెట్టుది వినికిడి. కుక్క పంచేంద్రియ జీవి. ఆ లెక్కన దాని చెవికి కలిగే హాని, దాన్ని ఆ పై వర్గంలో నిలబెట్టే ఇంద్రియానికే కలిగే హాని.

మహాభారత కథకు రెండు కొసల్లోనూ కుక్క ఉంది. ఆదిపర్వంలో, జనమేజయుడి యాగశాల దగ్గర ఆడుకుంటున్న సారమేయుడనే కుక్కపిల్లను రాజు తమ్ముళ్లు కారణం లేకుండా కొడతారు. దాని తల్లి సరమ రాజు దగ్గరకు వచ్చి నిలదీస్తుంది. తెలుగులో ఆ ఘట్టాన్ని నన్నయ చెప్పాడు. మహాప్రస్థానిక పర్వంలో, తనను నమ్మి వెంట వచ్చిన కుక్కను వదిలేస్తేనే రథం ఎక్కనిస్తానని ఇంద్రుడు అంటే, ధర్మరాజు స్వర్గాన్నే కాదంటాడు. దాన్ని తెలుగు చేసినవాడు తిక్కన. ఆ కుక్క యమధర్మరాజేనన్న సంగతి ధర్మరాజుకు అప్పటికి తెలియదు. అతని నిర్ణయానికి విలువ వచ్చింది అందువల్లే. ఆశ్రయించిన ప్రాణిని విడిచిపెట్టడం మహాపాతకాలతో సమానమన్నది అతని వాదం. ఇతర మతాల్లోనూ ఈ భావన కనిపిస్తుంది. దాహంతో ఉన్న కుక్కకు బావిలోకి దిగి తోలు చెప్పుతో నీళ్లు తెచ్చిపోసిన మనిషిని దేవుడు క్షమించాడన్న వృత్తాంతం హదీసుల్లో ఉంది. తన పశువు ప్రాణాన్ని పట్టించుకోవడం నీతిమంతుడి లక్షణమని బైబిలులోని సామెతల గ్రంథం చెబుతుంది.

అయితే భారతంలో సరమ మాట్లాడుతుంది, తన ఫిర్యాదు తానే చెప్పుకుంటుంది. ఇంట్లో కుక్క చెప్పుకోలేదు. దాని ఫిర్యాదును దాని చేష్టలలో చదవవలసిన బాధ్యత పూర్తిగా మనిషిదే.

కర్మ వాదం, దానికి జవాబు

కుక్క పడే బాధ దాని పూర్వకర్మ ఫలమని, అనుభవిస్తేనే అది తీరుతుందని, మధ్యలో అడ్డుపడకూడదని కొందరు అంటారు. ఈ వాదాన్ని ప్రాచీన వైద్యులూ, గురువులూ ఎదుర్కొన్నారు. చరక సంహిత విమానస్థానంలో దైవం, పురుషకారం అనే రెంటి బలాబలాలను చర్చిస్తుంది. పూర్వకర్మ బలహీనమైనప్పుడు ఇప్పటి ప్రయత్నం దాన్ని గెలుస్తుందని, అంతా ముందే నిర్ణయమై ఉంటే మందులకూ పథ్యానికీ అర్థమే ఉండదని తేలుస్తుంది. బుద్ధుడు సీవకుడనే పరివ్రాజకుడికి ఇచ్చిన సమాధానం ఇంకా సూటిగా ఉంటుంది. పిత్తం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు, దెబ్బలు, ఇలా బాధకు అనేక కారణాలు ఉంటాయి. కర్మ వాటిలో ఒకటి మాత్రమే. అన్నిటినీ పూర్వకర్మకు అంటగట్టేవారు లోకానుభవాన్ని కాదంటున్నారని ఆయన అభిప్రాయం.

కర్మ సిద్ధాంతాన్ని పూర్తిగా నమ్మినా, అది చూసేవాడికి సెలవు ఇవ్వదు. ఎదుటి జీవి బాధ దాని గతానికి ఫలమైతే, దాన్ని చూస్తూ ఊరుకోవడం చూసేవాడి భవిష్యత్తుకు విత్తనం అవుతుంది. కర్మ పేరు చెప్పి తన కర్తవ్యాన్ని తప్పించుకోవడానికి ఆ సిద్ధాంతంలోనే చోటు లేదు.

దయ, ఋణం

గృహస్థు రోజూ చేయవలసిన అయిదు యజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. అందులో కుక్కలకు, పక్షులకు, క్రిములకు నేల మీద అన్నం పెట్టాలని మనుస్మృతి విధించింది. దీన్ని దానాల్లో చేర్చకుండా నిత్యవిధుల్లో చేర్చడం గమనించదగింది. దానం ఇష్టాన్ని బట్టి చేసేది, నిత్యవిధి మానితే దోషం వచ్చేది.

పెంపుడు కుక్క విషయంలో ఈ ఋణానికి చారిత్రక ఆధారం కూడా ఉంది. కుక్కను తోడేలు వంశం నుంచి వేరుచేసి, వేల ఏళ్లుగా తనతో ఉంచుకున్నవాడు మనిషి. పొడవాటి వేలాడే చెవులు, ఇరుకు నాళాలు, మడతలు పడిన చర్మం గల జాతులను అందం కోసం, వేట కోసం ఎంచి ఎంచి పెంచినవాడూ మనిషే. కాకర్ స్పానియల్ చెవి రోగంలో మనిషి ఎంపిక పాత్ర స్పష్టంగా ఉంది. అలాంటి కుక్కకు చేయించే వైద్యాన్ని జాలి అని పిలవడం సరికాదు. తన వల్ల కలిగిన నష్టాన్ని పూడ్చడం న్యాయం కోవకు వస్తుంది. చెవి రోగాలు ఎక్కువగా వచ్చే కుక్కలను మళ్లీ సంతానానికి వాడకపోవడం కూడా ఆ న్యాయంలో భాగమే.

ఆధునిక చట్టం కూడా ఈ దిశలోనే నడిచింది. జీవుల పట్ల కరుణను భారత రాజ్యాంగం 51ఎ అధికరణం పౌరుడి ప్రాథమిక విధుల్లో చేర్చింది. ఈ అధికరణం 1976లో 42వ సవరణతో వచ్చింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, జంతువును తన సంరక్షణలో ఉంచుకున్నవారు దాని క్షేమానికి తగిన చర్యలు తీసుకోవడం విధి అంటుంది. నొప్పి, గాయం, వ్యాధి నుంచి విముక్తితో సహా జంతువుల అయిదు స్వేచ్ఛలను సుప్రీంకోర్టు 2014లో జల్లికట్టు కేసు తీర్పులో గుర్తించింది.

చికిత్సకు నాలుగు పాదాలు

చరకుడు చికిత్సకు నాలుగు పాదాలు చెప్పాడు: వైద్యుడు, ఔషధ ద్రవ్యం, పరిచారకుడు, రోగి. ఒక్కొక్కరికి నాలుగేసి గుణాలు ఉండాలన్నాడు. రోగికి చెప్పిన గుణాలు జ్ఞాపకశక్తి, వైద్యుడి మాట వినడం, ధైర్యం, తన బాధను వివరించగలగడం. కుక్కకు ధైర్యం ఉండవచ్చు. వైద్యుడి మాట వినడం, బాధను వివరించడం దానికి సాధ్యం కావు. అంటే నాలుగో పాదం సగం విరిగి ఉంటుంది. మిగిలిన మూడు పాదాలు ఆ బరువును కూడా మోయాలి. పశువైద్యం నీతిరీత్యా మనిషి వైద్యం కంటే బరువైనది కావడానికి కారణం ఇదే.

వైద్యుడికి చరకుడు కోరిన గుణాలు శాస్త్రజ్ఞానం, అనుభవం, నేర్పు, శుచి. కుక్క చెవి విషయంలో వీటికి నిర్దిష్టమైన రూపం ఉంది. చెవిలోంచి కొద్దిగా ద్రవం తీసి, గాజు పలక మీద రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూడాలి. అక్కడ ఉన్నది ఈస్టా, గుండ్రటి బాక్టీరియానా, కడ్డీల వంటి బాక్టీరియానా, మైట్లా అన్నది కొద్ది నిమిషాల్లోనే తెలుస్తుంది. కడ్డీ ఆకారపు బాక్టీరియా ఉంటే, లేదా ముందు వేసిన మందు పనిచేయకపోతే, కల్చర్ చేయించి ఏ మందుకు లొంగుతుందో చూడాలి. కర్ణభేరి చిరిగిందేమో పరీక్షించాలి. చిరిగి ఉంటే జెంటామైసిన్, నియోమైసిన్ వంటి కొన్ని మందులు లోపలి చెవిని దెబ్బతీసి, వినికిడినీ నిలకడనూ పోగొట్టే ప్రమాదం ఉంది. ఇవేవీ చూడకుండా పాత సీసాలో మిగిలిన చుక్కలు వేయడం దయతో చేసినా తప్పే అవుతుంది. తెలియని మందు విషంతో, ఆయుధంతో, నిప్పుతో సమానమని, తెలిసి వాడినది అమృతమని చరకుడు హెచ్చరించాడు.

ఒక్క రోగి కోసం కలిపే మందు

ద్రవ్యానికి చరకుడు చెప్పిన నాలుగు గుణాల్లో ఒకటి, అనేక రూపాల్లో తయారు చేయడానికి వీలుగా ఉండటం. దేశాన్ని, కాలాన్ని, ఒక్కొక్క రోగిని విడివిడిగా చూసి మందు కూర్చగలవాడే ఉత్తమ వైద్యుడని కూడా ఆయన అన్నాడు. గీత చెప్పిన సమదర్శనానికీ దీనికీ విరోధం లేదు. అన్ని జీవులకూ సమానమైన విలువ ఇవ్వడమంటే అన్నిటికీ ఒకే సీసా మందు పోయడం కాదు. ప్రతి జీవి బాధకూ సమానమైన శ్రద్ధ చూపితే, ప్రతి జీవికీ తగిన మందు వేరుగా తేలుతుంది.

తెలుగునాట ఒకప్పుడు ఆసుపత్రుల్లో కాంపౌండరు, డాక్టరు రాసిన చీటీ చూసి మందు కలిపి సీసాలో పోసి ఇచ్చేవాడు. కంపెనీ మందులు వచ్చాక ఆ పని తగ్గింది. అమెరికాలో అది కాంపౌండింగ్ ఫార్మసీల రూపంలో ఇప్పటికీ బలంగా సాగుతోంది. అందులో పశువైద్యానిది పెద్ద భాగం. కుక్కను పెంచుకునే అక్కడి తెలుగు కుటుంబాలకూ పశువైద్యుడు ఇలాంటి చీటీ రాసివ్వడం కద్దు.

కుక్క చెవికి ఇలాంటి మందు అవసరమయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి. మొండి సూడోమోనాస్‌కు సిద్ధంగా దొరికే చుక్కల్లోని యాంటీబయాటిక్ పనిచేయనప్పుడు, ఎన్‌రోఫ్లాక్ససిన్ వంటి మందును ట్రిస్-ఈడీటీఏ అనే ద్రావణంలో కలిపి వాడతారు. ఆ ద్రావణం బాక్టీరియా పైపొరను బలహీనపరచి, మందు లోపలికి చేరేలా చేస్తుంది. అమ్మే మందులోని ఒక పదార్థం ఆ కుక్క చర్మానికి పడకపోతే, అది లేకుండా కలపవచ్చు. చెవి ముట్టుకుంటేనే కరవబోయే కుక్కకు రోజూ రెండుసార్లు చుక్కలు వేయడం కుదరదు. అలాంటప్పుడు ఎన్‌రోఫ్లాక్ససిన్, కీటోకొనజోల్, ట్రయామ్సినలోన్ కలిపి, లానొలిన్ ఆధారంగా చిక్కటి లేపనం చేయించి, వైద్యుడే చెవి నాళంలో నింపే పద్ధతి ఉంది. అది లోపలే ఉండి నెమ్మదిగా పనిచేస్తుంది. రోజూ జరిగే పెనుగులాట తప్పుతుంది, కుక్కకు మనిషి చేతి మీద నమ్మకం మిగులుతుంది.

పరీక్ష లేని మందు

ఇంత మేలు చేయగల పద్ధతికే ఒక తీవ్రమైన లోపం ఉంది. ప్రభుత్వ ఆమోదం పొందిన మందు తయారీ, బలం, నిల్వ, దుష్ఫలితాలు ముందే పరీక్షకు నిలిచి ఉంటాయి. విడిగా కలిపిన మందుకు ఆ పరీక్షలు ఉండవు. అమెరికా ఆహార ఔషధ సంస్థ ఇలాంటి మందులను తాను ఆమోదించలేదని స్పష్టంగా చెబుతుంది. ఆమోదం పొందిన మందులతో కలిపేవాటిని 1994 నాటి చట్టం షరతులతో అనుమతించింది. ముడి ఔషధ పదార్థాలతో కలిపే మందుల గురించి ఆ సంస్థ 2022లో మార్గదర్శకాలు ఖరారు చేసింది. ఆమోదం పొందిన మందుకు చవక నకలు చేయడానికి ఈ వెసులుబాటును వాడకూడదన్నది ఆ నియమాల సారాంశం.

పొరపాటు ఎంత దూరం పోగలదో 2009 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలోని వెల్లింగ్టన్‌లో తెలిసింది. పోలో పోటీకి తెచ్చిన 21 గుర్రాలు, కలిపి తయారు చేసిన విటమిన్ మందు ఇచ్చిన తర్వాత చనిపోయాయి. అందులో సెలీనియం మోతాదు మించిపోయిందని తేలింది. ఆ మందు కోరినవారికి గుర్రాల మీద ద్వేషం లేదు, కలిపినవారికీ లేదు. హింసకు ద్వేషమే కారణం కానవసరం లేదని, లెక్కలో తప్పు చాలునని ఆ ఘటన నిరూపించింది. కుక్కల విషయంలో మరో ఉదాహరణ జైలిటాల్. మనుషుల ద్రవ మందుల్లో తీపి కోసం వాడే ఆ పదార్థం కుక్కకు విషం, కొద్ది మోతాదే ప్రాణం తీయగలదు. కడుపులోకి ఇచ్చే మందు కలిపే ఫార్మసిస్టుకు మనిషి శరీరం తెలిస్తే చాలదు, కుక్క శరీరం కూడా తెలియాలి.

ఇక్కడ అంతకంటే లోతైన ప్రశ్న ఒకటి ఉంది. ఆమోదం పొందిన మందు క్షేమమని తెలియడానికి ముందు దాన్ని కొన్ని కుక్కల మీదే పరీక్షించి ఉంటారు. ఆ కుక్కల్లో చాలావాటికి ఆ రోగమే లేదు, ఆ పరీక్షల వల్ల వాటికి కలిగిన మేలూ లేదు. విడిగా కలిపిన మందులో ఆ పరీక్ష భారం అంతా రోగిగా వచ్చిన కుక్క మీదే పడుతుంది. ఒక దానిలో కొన్ని ప్రాణుల కష్టం మీద తక్కిన వాటి క్షేమం నిలుస్తుంది, రెండో దానిలో ప్రతి రోగీ తనకు తెలియకుండానే ప్రయోగమవుతుంది. పూర్తిగా హింస లేని దారి ఇందులో దొరకదు. కనీస హింసతో నడిచే నియమాన్ని మాత్రం చెప్పవచ్చు. పరీక్షకు నిలిచిన మందు పనిచేసే చోట దాన్నే వాడాలి. అది పనిచేయదని ఆధారంతో తేలాకే మందు కలిపించాలి. ఆ కలిపిన మందు ఫలితాన్ని, మంచైనా చెడైనా, వైద్యుడు నమోదు చేయాలి. నమోదు చేయని అనుభవం మరో కుక్కకు ఉపయోగపడదు. అప్పుడు ఈ కుక్క ఎదుర్కొన్న ప్రమాదం వృథా అవుతుంది.

కలిపిన మందు చవకనో, సులువనో, కొత్తదనో వాడటం ఈ నియమానికి విరుద్ధం. అవసరం ఎవరిదన్నదే కీలకం. కుక్క శరీరం కోరితే అది వైద్యం. యజమాని వెసులుబాటు మాత్రమే కోరితే, అది మరొకరి శరీరాన్ని పణంగా పెట్టడం.

ఒప్పుకోలేని రోగి

మనిషి రోగి మందు వద్దనవచ్చు. కుక్క విదిలించుకోవడాన్ని వద్దనడంగానే తీసుకుంటే ఏ చికిత్సా సాగదు. పసిపిల్లల విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. అక్కడ తల్లిదండ్రుల అంగీకారం చెల్లుతుంది, ఎందుకంటే పెరిగి పెద్దయ్యాక ఆ బిడ్డ దాన్ని అర్థం చేసుకుంటుందన్న ఆశ ఉంది. కుక్క ఎప్పటికీ అర్థం చేసుకోదు. దాని దృష్టిలో చెవి పట్టుకున్న చేయి నొప్పి పెట్టే చేయి మాత్రమే.

కాబట్టి ఇక్కడ అధికారం యజమానికి కుక్క మీద ఉన్న సొంతదారు హక్కు నుంచి రాదు. చికిత్స ఆ కుక్కకే మేలు చేస్తుందన్న సత్యం నుంచి మాత్రమే వస్తుంది. దానికి మూడు పరీక్షలు ఉన్నాయి. చికిత్స అవసరమై ఉండాలి. ఫలిస్తుందనడానికి ఆధారం ఉండాలి. అదే ఫలితాన్ని ఇచ్చే మార్గాల్లో తక్కువ నొప్పి కలిగించేదై ఉండాలి. మూడో పరీక్షను ఎక్కువమంది మరచిపోతారు. వాచిన చెవిని వెంటనే బలవంతంగా కడగడం కంటే, ముందు స్టెరాయిడ్‌తో వాపు తగ్గించడం మంచిది. లోతుగా కడగవలసి వస్తే మత్తు ఇచ్చి కడగాలి. మందు వేసిన ప్రతిసారీ ఇష్టమైన తిండి పెట్టి, మెల్లగా అలవాటు చేయాలి. నాళం గట్టిపడి ఏ మందూ చేరని స్థితిలో ఉన్న కుక్కకు ఏళ్ల తరబడి చుక్కలు వేస్తూ బాధను సాగదీయడం కంటే, నాళాన్ని తొలగించే శస్త్రచికిత్సే దయగల మార్గం కావచ్చు. దానితో వినికిడి చాలావరకు పోతుంది, కానీ నొప్పి పోతుంది. ఏది ఎక్కువో తేల్చేటప్పుడు కుక్క జీవితాన్ని ప్రమాణంగా పెట్టుకోవాలి, చూసేవారి కళ్లకు కనిపించే అందాన్ని కాదు.

పరిచారకుడి పాదం

మంచి పరిచారకుడికి అయిదు గుణాలు ఉండాలని బుద్ధుడు భిక్షువులకు చెప్పిన మాట వినయపిటకంలో ఉంది. మందు సిద్ధం చేయగలగాలి. ఏది పథ్యమో ఏది కాదో తెలియాలి. లాభం కోసం కాక మైత్రితో సేవ చేయాలి. మలమూత్రాలు, వాంతి ఎత్తడానికి అసహ్యపడకూడదు. రోగికి ధైర్యం చెప్పగలగాలి. చివరిది కుక్క విషయంలో మాటలతో జరగదు, ఓపికగల స్పర్శతో జరుగుతుంది. మిగిలిన నాలుగూ అక్షరాలా వర్తిస్తాయి. చెవిలోంచి కారే చీము వాసనను భరించడం, మందు వేసి చెవి మొదలు నెమ్మదిగా నొక్కి లోపలికి పంపడం, చెవి లోతుకు దూదిపుల్ల పెట్టకపోవడం, కలిపిన మందును చెప్పిన చల్లదనంలో ఉంచి గడువు దాటితే పారేయడం, ఇవన్నీ ఆ గుణాలకు నేటి రూపాలు.

ఎక్కువ ఇళ్లలో జరిగే తప్పు, వాసన తగ్గి గోకుడు ఆగగానే మందు ఆపేయడం. పైకి తగ్గినట్టు కనిపించినా లోపల సూక్ష్మజీవులు మిగిలి ఉంటాయి. మిగిలినవి మొండివై తిరిగి వస్తాయి. ఆ మొండితనం ఒక్క కుక్కతో ఆగదు. మందులకు లొంగని బాక్టీరియా ఇంట్లోని మనుషులకూ, వీధిలోని ఇతర జంతువులకూ ముప్పు. కాబట్టి మందు చివరి వరకు వేయడం, మళ్లీ చెవి ద్రవం పరీక్ష చేయించి వ్యాధి పోయిందని తేల్చుకోవడం లోకం పట్ల కూడా కర్తవ్యం. ఎలర్జీ వంటి మూలకారణాన్ని వదిలేసి ప్రతిసారీ చెవికి మందు వేయడం కూడా అరకొర వైద్యమే.

అహింసలో సూక్ష్మాలు

మందు వేస్తే మైట్లు, ఈస్టు, బాక్టీరియా చస్తాయి. అహింసను పరమధర్మంగా నమ్మేవారికి ఇది సందేహం కలిగించవచ్చు. జైన శాస్త్రం గృహస్థులకు హింసను విభజించి చెప్పింది. చంపాలన్న సంకల్పంతో చేసే హింస పూర్తిగా నిషిద్ధం. ఇంటి పనుల్లో, వృత్తిలో, రక్షణలో తప్పనిసరిగా జరిగే దాన్ని గృహస్థు వీలైనంత తగ్గించుకోవాలి. బాధపడే పంచేంద్రియ జీవిని కాపాడే క్రమంలో జరిగే హాని రెండో కోవకు చెందుతుంది. ఢిల్లీలో ఎర్రకోట ఎదురుగా జైన మందిరంలో పక్షుల ఆసుపత్రి నడుస్తోంది. అక్కడ పక్షులకు మందులు వాడతారు.

మందులో కలిపే పదార్థాల గురించి కూడా కొందరు ఆలోచిస్తారు. లానొలిన్ గొర్రెల ఉన్ని నుంచి తీసే జిడ్డు. నోటితో ఇచ్చే కలిపిన మందులకు గొడ్డుమాంసం, పంది మాంసం, కోడి రుచులు చేర్చడం మామూలు. శాకాహార కుటుంబాలు వేరే రుచి అడిగే వీలుంది, ప్రత్యేకంగా కలిపే మందులో ఉన్న సౌలభ్యమే అది. అయితే ఆ ఎంపిక వల్ల కుక్క మందును ఉమ్మేసే పరిస్థితి వస్తే, ఇంటి నియమం కంటే ప్రాణి బాధ ముందు నిలవాలి. నియమం పాటించేది మనిషి, నొప్పి అనుభవించేది కుక్క. ఒకరి వ్రతానికి మరొకరి చేత ఉపవాసం చేయించకూడదు.

వీధి కుక్క సంగతి

పెంపుడు కుక్కకు ప్రత్యేకంగా మందు కలిపించే స్తోమత ఉన్న సమాజంలోనే వీధి కుక్కకు చెవి చూసేవారు ఉండరు. రెండూ బాధను ఒకేలా అనుభవిస్తాయి. ఈ తేడా చూపి పెంపుడు కుక్క వైద్యాన్ని విలాసమనడం న్యాయం కాదు. ఆశ్రయం ఇచ్చిన ప్రాణి పట్ల కర్తవ్యం ప్రత్యేకమైనది, ధర్మరాజు వాదానికి మూలం అదే. కానీ ఆ కర్తవ్యంతో మిగతావి చెల్లిపోవు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో చెక్కిన అశోకుడి శిలాశాసనాల్లో రెండోది, రాజు మనుషులకూ పశువులకూ రెండు రకాల వైద్యం ఏర్పాటు చేశాడని, మూలికలు లేని చోట్లకు తెప్పించి నాటించాడని చెబుతుంది. జంతువుల వైద్యం వ్యక్తుల జాలికే వదిలేయకూడదని, రాజ్యం కూడా దాన్ని మోయాలని తెలుగు నేల మీద రాతిలో నమోదై రెండు వేల ఏళ్లు దాటింది.

కుక్కను పెంచుకునే ప్రతి ఇల్లూ కొన్ని పనులకు సిద్ధపడాలి. వారానికి ఒకసారి చెవి లోపల చూడాలి, వాసన గమనించాలి. కుక్క తల విదిలిస్తుంటే సొంత వైద్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. చెవి ద్రవం పరీక్ష చేశారా, కర్ణభేరి బాగుందా, ఆమోదం పొందిన మందు ఉండగా కలిపిన మందు ఎందుకు రాస్తున్నారు అని అడగాలి. తృప్తికరమైన సమాధానం వచ్చాక, ఇచ్చిన మందును చివరి చుక్క వరకు వేళ తప్పకుండా వేయాలి. తనను నమ్మి ఇంటికి వచ్చిన ప్రాణికి ఇది మనిషి చెల్లించవలసిన కనీసపు బాకీ.